సర్వే వాళ్లకు నాన్న అమ్మకాలు తగ్గించి చెప్పారు. ఇలాంటి లెక్కలతో వాళ్లు ఏం తేలుస్తారు?

గోదారి_కొట్టు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర ఊరు, నాన్నది కిరాణా కొట్టు, ఇరవై ఆరేళ్ల నుంచి ఉంది. డిగ్రీ అయ్యాక నేను కూడా కొట్లోనే కూర్చుంటున్నా (ఉద్యోగం ఎప్పుడు అని దయచేసి అడగొద్దు).

పోయిన వారం కేంద్ర గణాంక శాఖ నుంచి అంటూ ఒకాయన ట్యాబ్ పట్టుకుని వచ్చారు. మర్యాదగానే ఉన్నారు, కార్డు కూడా చూపించారు. చిన్న వ్యాపారాల మీద సర్వే అట. పోయిన నెల అమ్మకం ఎంత, కొనుగోలు ఎంత, కరెంటు బిల్లు ఎంత, జీతానికి ఎవరైనా ఉన్నారా, అమ్మ కూర్చుంటారా, ఇంటికి వాడుకున్న సరుకు ఎంత, అప్పు ఉందా, స్కానర్ పెట్టారా... గంటంపావు సేపు అడుగుతూనే ఉన్నారు.

నాన్న మొదటి ప్రశ్నకే "రోజుకు మూడు వేలు అవుతుందండీ, అదీ కష్టంగానే" అన్నారు. మా కొట్లో రోజుకు తొమ్మిది వేలకు తగ్గదు. నేను పక్కనే ఉండి పప్పు తూస్తూ తల ఎత్తలేదు. ఆయన వెళ్లాక నాన్నతో గొడవ పెట్టుకున్నా. ఆయన ఒకటే మాట: "జీఎస్టీ వాళ్లకు చెప్తే నువ్వు కడతావా? బెంగళూరులో ఏమైందో చూడలేదా?" 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న కొట్ల వాళ్లకు పన్ను నోటీసులు పంపారు కదా, అప్పుడు బెంగళూరులో చాలామంది స్కానర్లు తీసేసి "క్యాష్ మాత్రమే" అని అట్టముక్కలు కట్టారు. నాన్న ఆ వీడియోలు నెల రోజులు చూశారు.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, ఈ వివరాలు నిజంగా పన్ను వాళ్లకు వెళ్తాయా? రెండు, మా నాన్న లాగే అందరూ చెప్తే దేశంలో ఇన్ని కోట్ల వ్యాపారాలు, ఇంత ఆదాయం అని పేపర్లో వేసే లెక్కలకు విలువేముంది?

ఇంకోటి. చివర్లో ఆయన "మీకు నెలకు మిగిలేది సుమారుగా ఎంతండీ" అని అడిగితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అబద్ధం వెతుక్కుంటున్నారు అనుకున్నా. తర్వాత అర్థమైంది, ఆయనకు నిజంగానే తెలీదు.

---

మూడో_షట్టర్:

వీటికి విలువ ఏమీ లేదు తమ్ముడూ. నాది హార్డ్‌వేర్ షాపు, పద్నాలుగేళ్లలో నన్ను రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ నోటికొచ్చింది చెప్పా. ఏసీ గదిలో కూర్చుని రిపోర్టు రాసేవాడికి మన షాపు వాసన కూడా తెలీదు. మీ నాన్నగారు చేసిందే కరెక్టు.

---

ఇంటింటికీ_తిరిగినోడు:

పై అన్నకు కోపం తెప్పించినా సరే, నేను చెప్పాలి. ఈ సర్వేలోనే కాంట్రాక్టు మీద రెండేళ్లు తిరిగాను, అనంతపురం, కర్నూలు వైపు. ఎండలో షట్టరు ముందు నిలబడి "సార్, ఐదు నిమిషాలు" అని అబద్ధం చెప్పింది నేనే (ఐదు నిమిషాల్లో ఎప్పుడూ అవ్వదు).

ముందు మీ మొదటి ప్రశ్న. ఇది 2008 నాటి గణాంక సేకరణ చట్టం కింద జరిగే సర్వే. ఒక కొట్టు పేరుతో ఉన్న వివరం గణాంకాలకు తప్ప ఇంకో పనికి వాడకూడదని ఆ చట్టంలోనే ఉంది. కర్ణాటకలో నోటీసులు వచ్చింది యూపీఐ లెక్కల నుంచి, దానికీ మా ట్యాబ్‌కీ సంబంధం లేదు. పైగా మీ లెక్క మీరే వేసుకోండి. రోజుకు తొమ్మిది వేలు అంటే ఏడాదికి 32 లక్షల చిల్లర. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలు. అంటే మీ నాన్నగారు నిజం చెప్పినా గీత లోపలే ఉన్నారు, భయం మాత్రం గీత దాటేసింది. ఇదే కొట్టు తెలంగాణలో ఉంటే వేరే మాట, అక్కడ సరుకులకూ 20 లక్షలే.

ఇక అందరూ తగ్గించి చెప్తారా అంటే, చెప్తారు. ఆ సంగతి మాకూ తెలుసు, ట్రైనింగులో మొదటి రోజే చెప్తారు. "ఇరవై ఏళ్ల నుంచి నష్టమే బాబూ" అన్న పెద్దాయన వెనకాల మూడంతస్తుల ఇల్లు ఉంటుంది. అందుకే ఒక్క ప్రశ్నతో వదలం. బియ్యం నెలకు ఎన్ని బస్తాలు దిగుతాయి, నూనె పెట్టెలు ఎన్ని, కరెంటు బిల్లు ఎంత, ఇవన్నీ అటు తిప్పి ఇటు తిప్పి అడిగితే మూడు వేలు కాస్తా ఆరు వేలు అవుతుంది. మీ కొట్లో గంటంపావు పట్టింది అన్నారు చూడండి, మీ నాన్నగారి మూడు వేలు ఆయన నమ్మలేదు అన్నమాట.

పేపర్లో వచ్చే అంకెలు కూడా చెప్తా. అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే అంటారు దీన్ని. వ్యవసాయం, నిర్మాణం ఇందులోకి రావు, కంపెనీలు రావు. 2022–23లో దేశం మొత్తం మీద 6.50 కోట్ల సంస్థలు తేలాయి, 2023–24లో 7.34 కోట్లు. పనిచేసేవాళ్లు 12 కోట్లు దాటారు. ఇప్పుడు భాగించి చూడండి, ఒక్కో సంస్థకు ఇద్దరు కూడా రారు! నూటికి ఎనభై ఐదుకు అటూ ఇటూ సంస్థల్లో జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషే ఉండడు. భార్యాభర్తలు, ఒక కొడుకు, అంతే. మీ కొట్టు ఈ లెక్కలో చాలా మామూలు కొట్టు.

నేను మర్చిపోలేనిది ఇంకోటి. నాతోపాటు ట్రైనింగ్ అయిన ఒకతను నిజామాబాద్ వైపు తిరిగాడు. అక్కడ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆమెను కూడా ఫారంలో ఒక సంస్థగా రాయాలి. ఆకు ఇచ్చేది ఎవరో, తంబాకు ఇచ్చేది ఎవరో, వెయ్యికి ఇంత అని రేటు పెట్టేది ఎవరో. ఫారంలో మాత్రం ఆమె యజమాని. ఆమెకు ఆ మాట చదివి వినిపిస్తే పక్కింటామెను పిలిచి మరీ నవ్విందట.

---

పాత_చిట్టా:

నేను ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను (ఐదో ఏడు, నన్నూ ఉద్యోగం గురించి అడగొద్దు). గోదారి_కొట్టు గారూ, మీ నాన్నగారి మౌనం మీదే పెద్ద పరిశోధన ఉంది తెలుసా!

శ్రీలంకలో డి మెల్, మెకెంజీ, వుడ్రఫ్ అని ముగ్గురు చిన్న కొట్ల వాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2009లో వాళ్లు అచ్చువేసిన ఒక వ్యాసం మొత్తం ఒకే ప్రశ్న మీద ఉంటుంది: చిన్న వ్యాపారి లాభం తెలుసుకోవాలంటే ఎలా అడగాలి? అమ్మకం అడిగి, ఖర్చులన్నీ ఒక్కొక్కటే అడిగి తీసేస్తే వచ్చే అంకె నిజమా, లేక నేరుగా "అన్నీ పోను ఎంత మిగిలింది" అని అడిగితే వచ్చే అంకె నిజమా? చిట్టా పుస్తకాలు ఇచ్చి రాయించారు, కొట్లలో పరిశీలించారు. తేలింది ఏంటంటే నేరుగా అడిగిందే మెరుగు. అమ్మకాలను సగటున 30 శాతం దాకా తగ్గించి చెప్తారు, అది వాళ్లకూ దొరికింది. చిత్రం ఏంటంటే చిట్టా రాయిస్తే అమ్మకం పెరిగింది, ఖర్చూ పెరిగింది, లాభం మాత్రం పెద్దగా కదల్లేదు. అంటే మనిషి అమ్మకం ఒక్కటే దాచట్లేదు, ఖర్చు కూడా మర్చిపోతున్నాడు, రెండు తప్పులూ ఒకదాన్ని ఒకటి కొట్టేస్తున్నాయి.

అయితే మీ నాన్నగారు ముప్పై కాదు, అరవై ఆరు శాతం తగ్గించారు, శ్రీలంక రికార్డు బద్దలు :)

అదే శ్రీలంక వాళ్లదే ఇంకో వ్యాసం, దీనిమీద మా డిపార్ట్‌మెంట్‌లో పెద్ద తగాదా. ఒంటరిగా వ్యాపారం చేసుకునేవాళ్లు అసలు ఎలాంటివాళ్లు? అవకాశం దొరకని పెద్ద వ్యాపారులా, లేక ఉద్యోగం దొరకని జీతగాళ్లా? చదువు, తెలివితేటల పరీక్షలు, మనస్తత్వం, అమ్మానాన్నలు చేసిన పని, ఇవన్నీ కొలిచి పోల్చారు. మూడింట రెండు వంతుల నుంచి నాల్గింట మూడు వంతుల మంది జీతగాళ్లకే దగ్గరగా తేలారు. మన ప్రభుత్వ ఉపన్యాసాల్లో మాత్రం ప్రతి కొట్టూ రేపటి ఫ్యాక్టరీయే.

మన హైదరాబాద్‌లోనే దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, ఇంకొందరు కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, చీటీలు తీసినట్టు సగం బస్తీల్లో ముందు మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థ) శాఖలు తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. అప్పు దొరికితే చాలు, అందరూ వ్యాపారం పెట్టేసి పైకొస్తారు అని అప్పట్లో ఎంత ప్రచారం! శాఖలు తెరిచిన బస్తీల్లో ఏడాదిన్నర తర్వాత చూస్తే సుమారు నాలుగో వంతు ఇళ్లే అలాంటి అప్పు తీసుకున్నాయి. ముందే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. కానీ మొత్తం మీద ఇంటి ఖర్చు పెరగలేదు, చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు... వీటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్‌తో ఆ అప్పులన్నీ ఆగిపోయాయి కదా, ఆ తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే అప్పు రాకముందు నుంచే కొట్టు ఉన్నవాళ్లకు ఆ లాభం నిలిచి ఉంది, అప్పు వచ్చాక కొట్టు పెట్టినవాళ్లకు లేదు.

అంకెల్లో అబద్ధాలు ఉంటాయి, నిజమే. కానీ రెండు వైపులా ఒకేలా అబద్ధం చెప్తే పోలిక చెడిపోదు. మూడో_షట్టర్ గారు రెండుసార్లూ నోటికొచ్చింది చెప్పాను అన్నారు, పోయినసారి నోటికి ఎంత వచ్చిందో ఈసారీ అంతే వచ్చి ఉంటుంది, పందెం.

---

మూడో_షట్టర్:

పందెం గెలిచావులే. రెండుసార్లూ ఐదు వేలే చెప్పా.

సరే, తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) తీసుకుంటే, మనకు రావాల్సిన బాకీ 45 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే వడ్డీ కట్టాలి అని చట్టం ఉంది అంటారు. ఒక కాంట్రాక్టరు నుంచి నాకు ఎనిమిది నెలల బాకీ ఉంది. పనికొస్తుందా?

---

పాత_చిట్టా:

మీకు పనికిరాదండీ. 45 రోజుల రక్షణ సరుకు తయారుచేసేవాళ్లకు, సేవలు అందించేవాళ్లకు. కొని అమ్మేవాళ్లను 2021 జులైలో ఉద్యమ్‌లోకి రానిచ్చారు కానీ బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం వరకే. ఆ కాంట్రాక్టరుకు ఈ సంగతి చెప్పకండి, కాగితం చూపించి అడిగి చూడండి.

---

దోసపెనం:

హన్మకొండలో టిఫిన్ సెంటర్ నాది. అన్నీ చదివిన. మీరందరూ కొట్టు అంటున్నారు, కిరాణా అంటున్నారు, మంచిదే, కానీ పొద్దున మూడున్నరకు లేచి పిండి రుబ్బేవాళ్ల సంగతి కూడా రాయాలని అనిపించింది.

ముందుగా ఒక మాట. సర్వేలో యజమానుల్లో ఆడవాళ్లు ఎంతమంది అని వేస్తారట కదా.

మా సెంటర్ లైసెన్సు మా ఆయన పేరు మీద ఉంది. ఆయన డ్రైవరు, వారానికి నాలుగు రోజులు ఊళ్లో ఉండడు. సరుకు తెచ్చేది నేను, చట్నీలో ఉప్పు చూసేది నేను, ఇద్దరు మనుషులకు కూలీ ఇచ్చేది నేను. మొన్న ఎవరో వచ్చి "యజమాని ఎవరమ్మా" అంటే గోడ మీద కాగితం చూసి ఆయన పేరే రాసుకున్నారు. నేను కూడా మాట్లాడలేదు, పెనం మీద దోసె ఉంది.

ఇక లాభం. తమ్ముడూ, మీ నాన్న గమ్మున ఉన్నారు అంటే నాకు నవ్వు రాలేదు. నాకూ తెలీదు. గల్లాలోంచే పాలవాడికి ఇస్తా, గల్లాలోంచే పిల్ల ఫీజు కడతా, గల్లాలోంచే గ్యాస్ బండకు ఇస్తా. రాత్రి లెక్కపెడితే రేపటి మినప్పప్పుకు సరిపోతే ఆ రోజు లాభం, సరిపోకపోతే నష్టం. పదకొండేళ్లు ఇదే లెక్క.

డైలీ ఫైనాన్స్ సంగతి మీ పరిశోధనల్లో ఉందా? పదివేలు అని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూస్తే వెయ్యే కదా అనిపిస్తుంది. మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదివే పిల్లాడు లెక్క వేసి చూపించిండు. డబ్బు రోజూ తగ్గుతూ పోతది కాబట్టి సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే, దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం దాకా పడతదంట. బండ్ల మీద అమ్ముకునే వాళ్లకు అప్పట్లో ఇచ్చిన ప్రభుత్వ పదివేల అప్పు కూడా తీసుకున్న, తీర్చిన, రెండోసారి ఇరవై వచ్చింది, అది మంచిదే. కానీ జూన్‌లో స్కూళ్లు తెరిచే వారం బ్యాంకు దగ్గర నిలబడే టైము నాకు ఉండదు. ఫైనాన్సాయన బండి మీద నా దగ్గరికే వస్తడు.

---

పాత_చిట్టా:

అక్కా, మీరు అడిగినవి రెండూ ఉన్నాయి.

యజమానుల లెక్క: ఒక్కరి పేరు మీద నడిచే సంస్థల్లో ఆడవాళ్లవి 2022–23లో 22.9 శాతం, 2023–24లో 26.2 శాతం. మీరు ఈ 26లో లేరన్నమాట. మీలాంటివాళ్లు ఎంతమంది బయట ఉండిపోయారో ఊహించుకోవచ్చు. అటు బీడీలు చుట్టే ఆమె మాత్రం లోపల ఉంది!

డైలీ ఫైనాన్స్: చెన్నైలో, ఫిలిప్పీన్స్‌లో మార్కెట్ వ్యాపారుల మీద ఒక ప్రయోగం చేశారు, 2019లో అచ్చయింది. ఇలాంటి అధిక వడ్డీ బాకీ మొత్తాన్ని పరిశోధకులే తీర్చేశారు. పూర్తిగా, సున్నా. చాలామంది ఆరు వారాల్లో మళ్లీ అప్పులోకి వెళ్లారు. ఏడాది, రెండేళ్ల తర్వాత చూస్తే బాకీ తీర్చినవాళ్లకూ తీర్చనివాళ్లకూ తేడా లేదు. మా ప్రొఫెసర్ దీన్ని చెప్పి, వాళ్లకు పొదుపు అలవాటు లేదు అన్నారు. మీ జూన్ మాట ఆయనకు వినిపించాలి.

గల్లా విషయానికి ఒక చిన్న ఉపాయం. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులను రెండు గుంపులు చేసి ఒకరికి పూర్తి అకౌంటింగ్ పాఠాలు, ఇంకొకరికి కొన్ని సులువైన సూత్రాలు మాత్రమే నేర్పారు. ఆ సూత్రాల్లో ముఖ్యమైంది వ్యాపారం డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు వేరే సొరుగులో పెట్టడం. మార్పు కనిపించింది ఈ సొరుగుల వాళ్లలోనే, పాఠాలు విన్నవాళ్లలో దాదాపు లేదు.

---

దోసపెనం:

సొరుగు ఒక్కటే ఉంది. బూస్ట్ డబ్బా పెడతా.

---

ఇంటింటికీ_తిరిగినోడు:

చిల్లర గురించి ఎవరైనా పరిశోధన చేశారా? నేను తిరిగిన కొట్లలో అందరూ చెప్పిన ఒకే ఒక్క కష్టం అదే, ఫారంలో దానికి గడే లేదు.

---

పాత_చిట్టా:

చేశారు! కెన్యాలో, 2014. చిల్లర లేక పోయిన బేరాలు లెక్కపెడితే మొత్తం లాభంలో 5 నుంచి 8 శాతం దాకా పోతోందని తేలింది. చిల్లర దొరకదని కాదు, పొద్దునే తెచ్చి పెట్టుకోవాలని తట్టక. వారం వారం వచ్చి "చిల్లర లేక ఎన్ని బేరాలు పోయాయి" అని అడుగుతూ ఉంటే కొట్లవాళ్లు మారారట. మన దగ్గర చాక్లెట్ ఇచ్చి సరిపెట్టేవాళ్లు, ఇప్పుడు స్కానర్ వచ్చింది. మీ సర్వేలో కూడా ఇంటర్నెట్ వాడే సంస్థలు ఒక్క ఏడాదిలో 21.1 నుంచి 26.7 శాతానికి పెరిగాయి.

---

గోదారి_కొట్టు:

అందరికీ థ్యాంక్స్. నిన్న ఆదివారం మధ్యాహ్నం కొట్టు కాస్త ఖాళీగా ఉంటే నాన్నను కూర్చోబెట్టి లెక్క వేశాం. హోల్‌సేల్ బిల్లులు ముందర వేసుకుని పోయిన నెల మొత్తం.

అమ్మకంలోంచి కొనుగోలు తీసేస్తే 24 వేలు. కరెంటు, ఆటో కిరాయి, కవర్లు, ఎలుకలు కొట్టేసిన మూట అన్నీ కలిపి 4 వేలు పోతే 20. ఇంటికి వాడుకున్న సరుకు 5,500 (అమ్మ ఒప్పుకోలేదు, నాలుగే అంది, నాన్న ఏడన్నారు, మధ్యలో పెట్టాం). 25,500. గది మాదే కాబట్టి అద్దె లేదు. అరువు పుస్తకంలో రావాల్సింది 61 వేలు ఉంది, అందులో ఎంత వస్తుందో దేవుడికే తెలియాలి, అది ముట్టుకోలేదు.

తర్వాత నేను తెలివి చూపించబోయి గంటలతో భాగించా. నాన్న రోజుకు పదిహేను గంటలు, అమ్మ నాలుగు, నెలకు 570 గంటలు. గంటకు 45 రూపాయలు కూడా రాలేదు. నా గంటలు అసలు వేయలేదు, వేస్తే ఇంకా తగ్గుతుంది.

నాన్న ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. ఏదో అంటారని ఎదురు చూశా. "ఉల్లిపాయల మూటలు రెండు రాయలేదు నువ్వు" అన్నారు. నిజమే, రాయలేదు.

తిరిగినోడు అన్నా, ఆ సర్వే ఆయన మళ్లీ ఫోన్ చేసే అవకాశం ఉందా? చేస్తే నాన్న ఆరు వేలు చెప్తానంటున్నారు.

---

ఇంటింటికీ_తిరిగినోడు:

ఆరు ఆయన ఎప్పుడో అంచనా వేసుకుని ఉంటారు. తొమ్మిది చెప్పమనండి, కంగారు పడతారు పాపం.